వెంట్రుకంత గీత

కొత్తగా కట్టిన రైఫిల్ ఏదైనా సరే, మొదటి గుండు మనిషి భుజం మీద పేలడానికి తిరుమల్ ఒప్పుకోడు. దాన్ని ఇనుప స్టాండుకు బెల్టులతో బిగించి, ట్రిగ్గరుకు తాడు కట్టి, తాను గోడ వెనక నిలబడి లాగుతాడు. ఒకసారి కాదు, మూడుసార్లు. తర్వాత బోల్టు ఊడదీసి, భూతద్దం పెట్టి నాలుగు పక్కలా చూసి, అప్పుడు గానీ తుపాకి గలవాడి చేతికివ్వడు. ఖతర్‌లో, అల్ రయ్యాన్ అవతల ఎడారిలో ఉన్న ఆ షూటింగ్ క్లబ్బు వర్క్‌షాపులో పదిహేనేళ్లుగా ఇదే వరస. దాన్ని కొందరు జాగ్రత్త అన్నారు, కొందరు పిరికితనం అన్నారు.

గోడ వెనక ఆయనకు ఏం వినిపిస్తుందో ఎవరికీ తెలియదు. తాడు బిగిసే క్షణంలో చెవి పక్కనే, ఊపిరి తగిలేంత దగ్గరగా, ఒక గొంతు అడుగుతుంది.

"అయిందా బావా?"

అది అంజి గొంతు. అంజి చచ్చిపోయి ఇరవై ఏడేళ్లయింది.

తిరుమల్‌ది జగిత్యాల పక్క పల్లె. కమ్మరి ఇల్లు. తండ్రి కొలిమి దగ్గర ఇనుము కాచడం, సాగగొట్టడం నేర్చుకున్నాడు. ఆ తర్వాత జగిత్యాలలో ఒక లేత్ షాపులో మూడేళ్లు పనిచేసి, అదే ఇనుమును పిసరంత తేడా లేకుండా కోయడం నేర్చుకున్నాడు. ఖతర్‌కు టర్నర్ వీసా మీద వచ్చాడు. ఊళ్లో మాత్రం ఇప్పటికీ "తిరుమల్ దుబాయ్‌ల ఉన్నడు" అనే అంటారు. మొదటి ఎనిమిదేళ్లు పైపుల కంపెనీలో గడిచాయి. ఒకరోజు ఆ కంపెనీకి ముజఫ్ఫర్ అలీ అనే పెద్దమనిషి మరలు తిప్పిన చిన్న ఉక్కు ముక్క ఒకటి పట్టుకొచ్చి, అచ్చం ఇలాంటిదే ఇంకొకటి కావాలన్నాడు. తిరుమల్ చేసిచ్చిన దాన్ని ఆయన కొలిచాడు, మళ్లీ కొలిచాడు, తల పైకెత్తి అడిగాడు.

"ఏ ఊరు మియా నీది?"

ముజఫ్ఫర్ అలీ హైదరాబాద్ పాతబస్తీ మనిషి. అప్పటికే చాలా ఏళ్లుగా క్లబ్బులో తుపాకులు బాగుచేసే ఉస్తాద్. కంపెనీ మార్పు కాగితాలకూ, పోలీసు క్లియరెన్సుకూ తిరిగి తిరిగి, తిరుమల్‌ను తన దగ్గరికి తెచ్చుకున్నాడు. బారెల్ బిగించడం, బోల్టుకు నునుపు పట్టించడం, ఉక్కును చెక్కలో కదలకుండా కూర్చోబెట్టడం, అంతా ఆయన నేర్పిన విద్యే. తుపాకుల పేరు వింటేనే పక్కకు తప్పుకునే మనిషి అసలు ఆ పనికి ఎందుకు ఒప్పుకున్నాడన్నది తిరుమల్‌కే సరిగ్గా తెలియదు. ఇనుము మీద చేసిన తప్పును ఇనుము మీదే దిద్దుకోవచ్చని అనుకున్నాడేమో. ఇప్పుడు ఉస్తాద్‌కు అరవై ఎనిమిదేళ్లు. రెండు కళ్లలో శుక్లాలు. ఒక కంటికి ఆపరేషన్ అయింది, రెండో కన్ను వాయిదా వేస్తూ వస్తున్నాడు. చెవితో, వేళ్లతో పని నెట్టుకొస్తున్నాడు.

నవంబరులో, ఎండ కాస్త మెత్తబడ్డ రోజుల్లో, ఖాసీం వచ్చాడు.

ఖాసీం ఖతరీ. నలభై దాటినవాడు, వెస్ట్ బేలో ఒక ఆఫీసులో పెద్ద ఉద్యోగి. మూడొందల మీటర్ల పోటీ కోసం కొత్తగా ఒక రైఫిల్ కట్టించుకోవాలనుకున్నాడు. బారెల్ ఎంత పొడవుండాలి, చెక్క ఏ రంగుండాలి, అన్నీ రాసుకునే వచ్చాడు. తేలనిది ఒక్కటే, యాక్షన్.

రైఫిల్‌కు యాక్షన్ నడుములాంటిది. బారెల్ వెనక ఉండే ఉక్కు ఒడి అది. అందులో బోల్టు అనే కడ్డీ ముందుకు జరిగి తూటాను లోపలికి తోస్తుంది. పిడి కిందికి తిప్పితే తాళం పడుతుంది. బోల్టు కొసన రెండు చెవులుంటాయి, వాటిని లగ్గులంటారు. తూటా పేలినప్పుడు ఆ పేలుడు వెనక్కి తన్నకుండా అడ్డం నిలిచేవి ఆ రెండు చెవులే. వాటికి జానెడు దూరంలో కాల్చేవాడి కన్ను ఉంటుంది.

ఖాసీం టేబుల్ మీద మూడు యాక్షన్లు పరిచాడు. ఒకటి పాత సైన్యపు రైఫిల్‌ది. దాని నలుపు ఎక్కడికక్కడ అరిగి, లోపలి ఉక్కు వెండిలా మెరుస్తోంది. రెండోది పేరున్న ఫ్యాక్టరీలో వేలకొద్దీ తయారయ్యే వేట రైఫిల్ యాక్షన్, కింద మ్యాగజైన్ కోసం పొడవాటి రంధ్రం ఉంది. మూడోది ఒక చిన్న వర్క్‌షాపులో పోటీల కోసమే చేసింది. బరువుగా, గుండ్రంగా, కింద రంధ్రమే లేకుండా ఉంది. దానిలో తూటాను ఒక్కొక్కటిగా చేత్తో పెట్టుకోవాలి.

ఖాసీం మొదటిదాన్ని ముందుకు జరిపాడు. గల్ఫ్‌లో అందరూ మాట్లాడే ఆ విరిగిన హిందీలో అన్నాడు. "ఇది మా నాన్నది. ముప్పై ఏళ్లు దీంతోనే కాల్చాడు. పోయిన రంజాన్‌లో ఆయన పోయాడు. నాకు దీనిమీదే కట్టాలి. మిగతా రెండూ నా స్నేహితులు తీసుకెళ్లమంటే తెచ్చాను."

ముజఫ్ఫర్ అలీ ఆ బోల్టును ముందుకూ వెనక్కూ ఆడించి కళ్లు మూసుకున్నాడు. "మక్కన్! వెన్న మియా, వెన్న. ఇసొంటి పని ఇప్పుడు ఎవలు చేస్తరు?" అన్నాడు తిరుమల్‌తో. ఖాసీం తండ్రి ఆయనకు పాత స్నేహితుడు. ప్రతి ఏడూ ఇంటి తోటలోని ఖర్జూరాలు పంపేవాడు. ఆ రైఫిల్‌ను ఏటా విప్పి, తుడిచి, పరీక్షించి ఇచ్చింది ముజఫ్ఫర్ అలీయే.

ఖాసీం వెళ్లాక తిరుమల్ బోల్టును పెట్రోలులో కడిగి, ఎర్ర రంగు పూశాడు. ఆ రంగు నీళ్లకంటే పలచన, కంటికి కనిపించని సందుల్లోకి కూడా ఇంకిపోతుంది. పావుగంట ఆగి పైన ఉన్నదంతా తుడిచేసి, తెల్లపొడి స్ప్రే కొట్టి, చాయ్ తాగడానికి బయటికి వెళ్లాడు. ఉక్కు బాగుంటే తెలుపు తెల్లగానే ఉంటుంది. లోపల పగులుంటే అందులో దాక్కున్న ఎరుపు మెల్లగా పైకి ఊరుతుంది.

తిరిగొచ్చేసరికి కుడి లగ్గు మొదట్లో ఎర్రగా ఒక గీత ఉంది. చిటికెనవేలి గోరంత పొడవు. వెంట్రుకంత సన్నం.

తిరుమల్ దాన్ని తుడిచేశాడు. రంగు సరిగ్గా కడగలేదేమో అనుకుని మళ్లీ పూశాడు. గీత మళ్లీ వచ్చింది. మూడోసారి పూసి, ఈసారి కదలకుండా ముందరే కూర్చున్నాడు. తెల్లటి పొడిలోంచి ఎరుపు ఒక్కో చుక్కగా పైకి వస్తుంటే, వర్క్‌షాపు తలుపు దగ్గర ఎవరో నిలబడినట్టనిపించింది. తల తిప్పలేదు. తిప్పితే అక్కడ ఎవరూ ఉండరని తెలుసు. అదే ఆయన భయం.

"అయిందా బావా?"

సాయంత్రం ఉస్తాద్‌కు చూపించాడు. ముజఫ్ఫర్ అలీ బోల్టును కంటికి దగ్గరగా పెట్టుకుని, గోటితో గీసి చూశాడు.

"ఏం తగుల్తలేదు."

"రంగు కారుతుంది ఉస్తాద్. మూడుసార్లు చూసిన."

"ఆ కాలం మిషన్ గీత అయి ఉంటది మియా. పోయిన సాలు నేనే చూసిన గద దీన్ని."

పోయిన ఏడాది ఉస్తాద్ కళ్లు ఎంతవరకు చూడగలిగాయో ఇద్దరికీ తెలుసు.

"ఆ పిలగాడు నాయిన యాదిల ఉన్నడు. వాని ముఖం మీద ఎట్ల చెప్తం? మందు తక్కువున్న హల్కా లోడ్ పెట్టుకొమ్మని చెప్దాం. ఏం గాదు."

ఏం గాదు. సరిగ్గా ఆ రెండు మాటలే తిరుమల్ కూడా ఒకప్పుడు అన్నాడు.

అప్పుడతనికి ఇరవై మూడేళ్లు. మక్కచేన్లు కంకి మీదున్న రోజులు. అడవిపందులు మందలుగా వచ్చి, ఒక్క రాత్రిలో ఎకరం చేను పడగొట్టి పోతున్నాయి. అంజి చేను అడవి అంచునే ఉంది. అంజి, తిరుమల్ ఒక్క ఈడు వాళ్లు. కులాలు వేరైనా బావా అంటే బావా అనుకునేవాళ్లు. "ఒక నాటు తుపాకి చేసియ్యి బావా, పానం పోతుంది" అని అంజి వారం రోజులు వెంటపడ్డాడు. లేత్ పని నేర్చుకొచ్చిన కొత్త. చాయ్ హోటల్ దగ్గర పదిమందిలో "గదెంత పని? మూడు దినాలల్ల చేసిస్త" అనేశాడు తిరుమల్. జీపు స్టీరింగు రాడ్డుతో మొదటి గొట్టం చేస్తే వంకరపోయింది. రెండోది చీలింది. ఊళ్లో నవ్వడం మొదలుపెట్టారు. మూడోదానికి వెనక బిరడా బిగించి, కాచి, నూనెలో ముంచి తీశాడు. తుడిచిన చోటే బిరడా పక్కన నూనె సన్నగా ఊరుతోంది. బొటనవేలితో తుడిచాడు. మళ్లీ ఊరింది. వెంట్రుకంత గీత.

అప్పుడే అంజి కొలిమి గుమ్మంలో నిలబడి అడిగాడు. "అయిందా బావా?"

ఇంకో రాడ్డు తెచ్చి మొదటినుంచి చేద్దామని అంటే పోయేది. మూడోసారి కూడా ఓడిపోయానని చెప్పుకోవాల్సి వచ్చేది, అంతే. "అయింది, తీస్కపో" అన్నాడు.

"తట్టుకుంటదా?"

"ఏం గాదు."

ఆ సాయంత్రం చీకటి పడుతుండగా చేనులో పేలుడు వినపడింది. పందుల మీద పేలాల్సిన మందు వెనక్కి తన్నింది. బిరడా ఊడి అంజి ముఖంలోకి వెళ్లింది. మక్కల మధ్య నుంచి నలుగురు మోసుకొస్తుంటే, అంజి తల వేలాడుతూ, ఒక కన్ను మాత్రం తెరుచుకుని ఉంది. లైసెన్సు లేని తుపాకి. పోలీసులొస్తే ఊరంతా కేసుల్లో ఇరుక్కుంటుందని పెద్దలు తెల్లారకముందే కట్టెలు పేర్చారు. తుపాకి ముక్కలు పాడుబావిలో పడేశారు. కాటి దగ్గర అంజి చిన్నాయన అడిగాడు, "ఎట్లయిందిరా తిరుమలా?"

"మందు ఎక్కువ పెట్టిండు" అన్నాడు తిరుమల్.

తుపాకిలో మందు ఎక్కువైందని ఆయన అన్న మాట, నెల తిరిగేసరికి కడుపులో మందు ఎక్కువైందనే మాటగా మారింది. అంజి తాగి తుపాకి పేల్చుకున్నాడని ఊరు ఒప్పుకుంది. ఆ రోజు అంజి చుక్క కూడా ముట్టలేదని తెలిసినవాడు తిరుమల్ ఒక్కడే. ఆ మాటను దిద్దడానికి నోరు తెరిస్తే, వెనకే ఇంకో మాట బయటపడుతుంది. దిద్దలేదు. అంజి భార్య మమతకు అప్పుడు ఇరవై రెండేళ్లు, చంకలో ఏడాది పాప. అంజి తల్లి ముత్తవ్వ కొడుకు పేరెత్తి ఏడ్చింది, పేరెత్తే తిట్టింది.

నాలుగేళ్లకు తిరుమల్ విమానం ఎక్కాడు. అంజి కూడా వెంట వచ్చాడు. లేత్ తిరిగే చప్పుడులో, బోల్టు మూసుకునే టక్కుమన్న శబ్దంలో, ఒక్కో రోజు క్యాంపు స్నానాల గదిలో నీళ్ల కింద నిలబడ్డప్పుడు, అదే ప్రశ్న. కోపంగా ఉండేది కాదు. అదే భరించలేనిది. ఆ గొంతులో ఇంకా నమ్మకం ఉండేది.

మర్నాడు ఖాసీం వచ్చినప్పుడు తిరుమల్ ఉస్తాద్ వైపు చూడకుండా బోల్టు టేబుల్ మీద పెట్టి, గీత చూపించాడు. దీనిమీద కట్టనన్నాడు.

ఖాసీం చాలాసేపు చూశాడు. "మీ ఉస్తాద్ ఇన్నేళ్లు చూసినదాన్ని నువ్వు ఒక రంగు డబ్బాతో కాదంటున్నావా?" అన్నాడు. ముజఫ్ఫర్ అలీ కళ్లద్దాలు తీసి చొక్కా అంచుతో తుడుచుకున్నాడు. ఖాసీం విసురుగా బయటికి నడిచాడు. ఆయన కారు లేపిన దుమ్ము కిటికీ దాకా వచ్చింది.

రెండు రోజులు ఉస్తాద్ తిరుమల్‌తో మాట్లాడలేదు. ఎప్పుడూ కలిసి తినేవాళ్లు, తన టిఫిను తీసుకుని వేరే బల్ల దగ్గరికి పోయాడు. మూడోరోజు పొద్దున్నే ఖాసీం తిరిగొచ్చాడు. నిద్రలేని ముఖం. కుర్చీ లాక్కుని తిరుమల్ ఎదురుగా కూర్చున్నాడు.

"ఇది విరిగితే ఏమవుతుందో నీకెలా తెలుసు? పుస్తకంలో చదివావా?"

తిరుమల్ చెప్పాడు. పదిహేనేళ్లలో ఉస్తాద్‌కు చెప్పనిది, పెళ్లాం శోభకు చెప్పనిది, ఒక ఖతరీకి తనకు వచ్చీరాని హిందీలో చెప్పాడు. బహుశా ఆ భాషలో అయితేనే చెప్పగలిగేవాడు. మాటలు తక్కువ కాబట్టి దాచుకోవడానికి చోటు లేదు. నేను చేశాను. గీత చూశాను. ఇచ్చాను. వాడు చచ్చిపోయాడు. వాడిదే తప్పని చెప్పాను. వెనక బల్ల దగ్గర ముజఫ్ఫర్ అలీ ఆకురాయి పట్టుకుని అలాగే ఆగిపోయాడు.

"ఆయన భార్యకు తెలుసా?" అని అడిగాడు ఖాసీం.

"లేదు."

"బతికుందా?"

"ఉంది. తల్లి కూడా ఉంది."

ఖాసీం తన తండ్రి బోల్టును చేతిలోకి తీసుకుని, లగ్గు మీద బొటనవేలు ఉంచాడు. "మా నాన్న గురించి ఎవరైనా ఇలాంటి అబద్ధం చెప్పి ఉంటే..." అని ఆగిపోయాడు. బోల్టును గుడ్డలో చుట్టి తన సంచిలో వేసుకుని, కాసేపటికి, "యల్లా, కానివ్వు. ఏది పెట్టాలో ఇప్పుడు నువ్వే చెప్పు" అన్నాడు.

తిరుమల్ మిగిలిన రెండింటినీ పక్కపక్కన పెట్టాడు. ఖాసీం స్నేహితులంతా ఫ్యాక్టరీదే మేలన్నారు. విడిభాగాలు ఎక్కడైనా దొరుకుతాయి, ఐదు తూటాలు ఒకేసారి పడతాయి. తిరుమల్ దాన్ని వెల్లకిలా తిప్పి, కింద రంధ్రంలో వేలు పెట్టి చూపించాడు. "ఇక్కడ ఉక్కు లేదు. దీని ముందు రెండు కిలోల పైన బారెల్ వేలాడాలి. కాల్చినప్పుడల్లా ఇది కొంచెం వంగుతుంది. కంటికి కనపడదు, కానీ మూడొందల మీటర్ల దూరంలో కనపడుతుంది." తర్వాత రెండింటి లగ్గులకూ నీలిరంగు పూసి, బోల్టులు మూసి తెరిచాడు. ఫ్యాక్టరీదానిలో ఒక చెవి మీద రంగు చెరిగిపోయింది, రెండోదాని మీద సగం అలాగే ఉంది. అంటే బరువంతా ఒక చెవే మోస్తోంది. సానపట్టి సరిచేయొచ్చు, చాలామంది చేస్తారు. మూడోదానిలో రెండు చెవుల మీదా రంగు సమానంగా చెరిగింది. కింద రంధ్రం లేదు, అడుగంతా ఉక్కే.

"దీనికి తూటా చేత్తో పెట్టాలి కదా. మా నాన్న ఐదు ఒకేసారి పెట్టేవాడు."

"పోటీలో తొందరేముంది? ఒక్కొక్కటే పెట్టండి. పెట్టినప్పుడల్లా లోపలికి చూడొచ్చు."

ముజఫ్ఫర్ అలీ మెల్లగా లేచొచ్చాడు. మూడోదాని బోల్టును ఆడించి, చెవి దగ్గర పెట్టుకుని, తాళం పడే శబ్దం రెండుసార్లు విన్నాడు. "ఇదే" అన్నాడు ఖాసీంతో. తర్వాత తిరుమల్ వైపు తిరగకుండానే తెలుగులో, "నా రెండో కన్నుకు దవాఖానల తేదీ తీస్కో మియా. ఈ వారంలనే" అన్నాడు. ఆ మధ్యాహ్నం టిఫిను డబ్బా తెచ్చి మళ్లీ తిరుమల్ బల్ల మీద పెట్టాడు.

శుక్రవారం పొద్దున, పనివాళ్లుండే బర్వా అల్ బరాహాలో, తన గది ఉన్న బిల్డింగు వెనక, బట్టలు ఆరేసిన తీగల మధ్య నిలబడి తిరుమల్ మమతకు ఫోను చేశాడు. నంబరు శోభ పంపింది. ఎందుకని అడిగితే, చెప్తాలే అన్నాడు.

"ఎవలూ?"

"నేను చెల్లె, తిరుమల్‌ను."

"దుబాయ్ నుంచా అన్నా? ఏమయింది, మంచిగున్నవా?" అవతల కత్తెర చప్పుడు వినిపిస్తోంది. బీడీ ఆకు కత్తిరిస్తోంది.

చెప్పాడు. ఈసారి తన భాషలోనే చెప్పాల్సి వచ్చింది. ఎక్కడో మధ్యలో కత్తెర ఆగిపోయింది. ఫోను కట్టయిందేమో అని చూసుకున్నాడు. కాలేదు.

"గీత ఎంతుండె?" అని అడిగింది.

"వెంట్రుకంత."

"కనవడ్డదా నీకు?"

"కనవడ్డది."

"ఇరవై ఏడేండ్లు నేను ఆయన్నే తిట్టుకున్న అన్నా. తాగి సచ్చినవ్, బిడ్డను నా మీదేసి పోయినవ్ అని పండుకున్నప్పుడు తిట్టిన, లేసినప్పుడు తిట్టిన. నా బిడ్డ లగ్గమప్పుడు సుత తాగుబోతు బిడ్డ అన్నరు. అప్పుడు నువ్వు లగ్గానికి వచ్చినవ్. అన్నం తిని పోయినవ్."

తిరుమల్ ముఖానికి అడ్డొచ్చిన తడి బట్టను పక్కకు జరిపాడు.

"మా అత్తకు చెప్పు. నేను చెప్తే నమ్మది, మొగని మీద పేమతోని చెప్తుందంటది. నువ్వే చెప్పాలె."

"చెప్త చెల్లె."

"ఎప్పుడు?"

ఆయన డ్యూటీల సంగతి ఎత్తాడు. ఆమె ఫోను పెట్టేసింది.

చెప్తే బరువు దిగుతుందని అనుకున్నాడు. దిగలేదు. అంజి గొంతు అప్పటిదాకా ఎక్కువగా ఇనుము దగ్గరే వినిపించేది. ఇప్పుడు డ్యూటీ బస్సులో పక్క సీట్లోంచి, మెస్సులో అన్నం వరసలో వెనకనుంచి, అరబ్బీ వార్తల నడుమ టీవీలోంచి వినిపించసాగింది. మాట అదే. కానీ ఇప్పుడా మాటకు అర్థం మారింది. చెప్పడం అయిందా అని అడుగుతున్నట్టుంది. గదిలో ఆయనతో ఉండే పోశన్న, వాళ్ల పక్కూరివాడు, "ఏందే అన్నా, ఎవలతోని మాట్లాడుతున్నవ్?" అని రెండుసార్లు అడిగాడు.

రెండు నెలల పైన ఖాసీం రైఫిల్ పని నడిచింది. బారెల్ వచ్చింది. తిరుమల్ దాని మరలు కోసి, యాక్షన్‌లో బిగించి, చెక్కలో పడుకోబెట్టి జిగురు పోసి ఆరబెట్టాడు. ఏ పనీ తొందరగా ముగించలేదు. ముగిస్తే ఇంకో పని మిగిలి ఉందని తెలుసు. మమత రెండుసార్లు ఫోను చేసింది. రెండుసార్లూ డ్యూటీలో ఉన్నానన్నాడు. అందులో ఒకటి అబద్ధం.

జనవరి నెలాఖరులో రైఫిల్ సిద్ధమైంది. గోడ వెనక నిలబడి తాడు మూడుసార్లు లాగాడు. విప్పి, రంగు పూసి చూశాడు. తెలుపు తెల్లగానే ఉంది. అప్పుడు ఖాసీం చాప మీద బోర్లా పడుకుని, తూటాను ఒక్కొక్కటే చేత్తో పెట్టుకుంటూ, వంద మీటర్లలో ఐదు గుండ్లు కాల్చాడు. కాగితం తెచ్చి చూస్తే, ఐదు రంధ్రాలూ యాభై దిర్హాముల చిల్లర బిళ్ల కింద దాగేంత దగ్గరగా ఉన్నాయి. రెండో కంటి ఆపరేషన్ కూడా అయిన ముజఫ్ఫర్ అలీ ఆ కాగితాన్ని వెలుతురుకు ఎత్తి పట్టుకుని, ఒక్కో రంధ్రాన్నీ చిన్నపిల్లాడిలా లెక్కపెట్టాడు. తండ్రి యాక్షన్‌ను ఇక కాల్చడానికి పనికిరాదని రిజిస్టరులో రాయించి, ఇంటికొచ్చినవాళ్లు కూర్చునే మజ్లిస్‌లో గోడకు తగిలించానని ఖాసీం చెప్పాడు. వెళ్లేముందు ఆగి అడిగాడు.

"ఆ తల్లికి చెప్పావా?"

"సగమే అయింది."

ఖాసీం చెయ్యి కలిపి వెళ్లిపోయాడు.

ఆ శుక్రవారం మధ్యాహ్నం గదిలో నలుగురూ ఉన్నారు. పోశన్న కోడికూరకు ఉల్లిగడ్డలు కోస్తున్నాడు. తిరుమల్ ఫోను మోగింది. వీడియో కాల్. మమత ముఖం. ఆమె పలకరించలేదు.

"అన్నా, అత్త పక్కపొంటే ఉన్నది. ఇప్పుడు చెప్పు."

ఫోను ఊగి, ముత్తవ్వ ముఖం తెరంతా నిండింది. ఎనభై దాటిన మనిషి. ఫోనుకు ఎదురుగా చూడకుండా చెవి అప్పజెప్పింది. "ఎవలూ?"

"నేను తిరుమల్‌ను అత్తా."

"ఇనవడ్తలేదు. గట్టిగ!"

బయటికి పోదామని లేచాడు. లేస్తే మళ్లీ మాట వాయిదా పడుతుందని తెలిసి, మంచం మీదే కూర్చుండిపోయాడు. గొంతెత్తి అరిచాడు. "తుపాకి నేనే ఖరాబు చేసిన అత్తా! పగులు చూసి సుత అంజికి ఇచ్చిన! అంజి మందు సరిగ్గనే పెట్టిండు!"

పోశన్న కత్తి ఆగింది. పక్క మంచాల మీది ఇద్దరూ లేచి కూర్చున్నారు.

"మందా? అవ్, తాగిండు, తాగే సచ్చిండు నా కొడుకు" అంది ముత్తవ్వ, ఎన్నో ఏళ్లుగా అలవాటైన గొంతుతో.

"తాగలే అత్తా!" తిరుమల్ ఇంకా గట్టిగా అరిచాడు. "ఆ దినం సుక్క ముట్టలే! తప్పు నాది! నేను అబద్దం చెప్పిన!"

తెర మీద ఆ ముసలి చెవి కదల్లేదు. తర్వాత మెల్లగా ముఖం ఇటు తిరిగింది. మసకబారిన కళ్లు ఫోనులో ఆయన్ను వెతికాయి.

"తాగలేదా?"

"తాగలే."

ఆమె తిట్టలేదు, ఏడవలేదు. ఫోను మమత చేతిలోంచి లాక్కున్నట్టుంది, తెర మీద ఇంటి కప్పు, గోడ, వాకిలి గిర్రున తిరిగాయి. ముత్తవ్వ గొంతు మాత్రం గట్టిగా వినిపించింది. "ఓ రాజవ్వా! నర్సవ్వా! ఇటు రాండ్రి! గీ తిరుమల్ ఏం చెప్తుండో ఇనుండ్రి!" వాకిట్లో చెప్పుల చప్పుడు. ఎవరెవరివో ముఖాలు తెరలోకి వంగాయి. కొన్ని ఆయన ఎరిగినవి, ముసలివైపోయినవి.

"మల్ల చెప్పు" అంది ముత్తవ్వ. "ఈళ్లు ఇనలే. మొదలుసంది చెప్పు."

తిరుమల్ మళ్లీ చెప్పాడు. కొలిమి, నూనె, గీత, కాటి దగ్గర తానన్న మాట, ఒక్కటీ వదల్లేదు. విన్నవాళ్లలో ఒకామె నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. ఇంకెవరో ఆయన్ను బూతు మాట తిట్టారు. ముత్తవ్వ పట్టించుకోలేదు. గోడ అవతలి ఇంటివాళ్లను పిలిచింది. వాళ్లొచ్చాక మళ్లీ చెప్పమంది. పొయ్యి మీద నూనె మాడుతుంటే ఎవరో లేచి ఆర్పేశారు. పోశన్న ఒక గ్లాసుతో నీళ్లు తెచ్చి, ముఖంలోకి చూడకుండా, ఆయన పక్కన పెట్టి వెళ్లాడు.

నాలుగోసారికి తిరుమల్ గొంతు బొంగురుపోయింది. ముత్తవ్వ ఫోనును ఇంకో ముఖం ముందు పెట్టింది. ఆయన నీళ్లు తాగి, గ్లాసు కింద పెట్టి, మొదటినుంచి మొదలుపెట్టాడు.